వెనీసు నగరపు పడవ పందెములు

కాకతీయుల కాలమున మన మోటుపల్లి రేవును గూర్చియు, అచ్చటి సన్నని వస్త్రములను గూర్చియు, రాజ్యమేలిన రాణి న్యాయవర్తనమును గూర్చియు ప్రపంచమునకు చాటిన మార్కోపోలో పేరు మన బడిపిల్లలెల్లరు ఎరిగినదే. ఆయన వెనీసు పౌరుడు. ఆ వెనీసులో వీథులు నీళ్లే. నూటికి పైబడిన చిన్న దీవులు, వానిని కలుపు నాలుగువందలకు మించిన వంతెనలు, నడుమ కాలువలు: ఇదియే ఆ పురము. అచ్చట బండి చక్రమునకు పనిలేదు. పెండ్లికొమార్తె పడవలో వచ్చును. కూరగాయల మూటలు పడవలో వచ్చును. శవము సయితము పడవలోనే వెడలును. అట్టి చోట తెడ్డు పట్టుట జీవనోపాధియా, దేశరక్షణమా, వినోదమా అని ఎవరైన అడిగినచో, మూడును అని చెప్పవలసియుండును. ఈ మూడును పెనవేసికొన్న కథయే వెనీసు పడవ పందెముల చరిత్ర.

వెనీసు వర్తకముచేతను నౌకాబలముచేతను పెరిగిన రాజ్యము. యుద్ధనావలకు తెడ్డువేయు బలిష్ఠులు ఎల్లవేళల కావలసియుండిరి. పందెముల ప్రస్తావన 13వ శతాబ్దినుండియే కానవచ్చుచున్నది. నగర యువకులు విలువిద్య అభ్యసించుటకై లీడో దీవికి పెద్ద పడవలలో పోవుచు, ఎవరు ముందు ఒడ్డు చేరుదురో యని పంతములు పట్టుటయే వీనికి మూలమని పరంపరగా చెప్పుదురు. 1500 లో యాకొపో దె బార్బరి యను చిత్రకారుడు, ఆకాశమునుండి పక్షి చూచినట్లు, నగరమునంతటిని ఒక పటముగా చిత్రించెను. అందొక పడవల గుంపు ప్రక్కన ‘రెగాటా’ అను మాట కలదు. నేడు దేశదేశముల పడవ పందెములకు చెల్లుచున్న ఆ మాట వెనీసు జనుల నోట పుట్టినదే.

ఈ క్రీడ పురుషులకే పరిమితమై యుండలేదు. 1493 లో మిలాను నేలిన లుడొవికో స్ఫోర్జా భార్య బియాత్రిచే వెనీసునకు రాగా, ఆమె గౌరవార్థము పల్లె పడుచులు తెడ్లు పట్టి పందెము నడపిరి. 1574 లో ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీ వచ్చినప్పుడును నీటిపై వేడుకలు జరిగినవి. అతిథికి తన బలమును చూపుటకు వెనీసునకు ఏనుగులు లేవు, గుఱ్ఱపు దళములు లేవు, ఉన్నవి పడవలు.

వారు తెడ్డువేయు తీరు గమనింపదగినది. తక్కిన ఐరోపావాసులు కూర్చుండి, వెనుకకు తిరిగి తెడ్లు లాగుదురు. వెనీసువారు నిలుచుండి, ఎదుటికి చూచుచు త్రోయుదురు. ఇరుకు కాలువలలో ముందు వచ్చు పడవ కనబడవలె గదా! తెడ్డును పడవకు కట్టివేయరు. అక్రోటు కొయ్యతో మలచిన వంపుల ఊతపై ఆనించుదురు. ఆ ఊత వంపులలో ఏ చోట తెడ్డు నిలిపిన ఆ పని జరుగును. ఒకచోట ముందునకు, ఒకచోట వెనుకకు, మరియొకచోట మలుపునకు. గొండోలా యను పడవ సుమారు 11 మీటర్ల పొడవుండును. నడుపువాడు ఒక్కడే, తెడ్డు కుడివైపుననే. అట్లయిన పడవ ఎడమకు తిరిగిపోవలెను. అందుకై వడ్రంగులు ఎడమ ప్రక్కను కుడి ప్రక్కకంటె 24 సెంటీమీటర్లు వెడల్పుగా కట్టుదురు. ఆ వంకరయే దానిని తిన్నగా నడిపించును.

1797 లో నెపోలియను దెబ్బకు ఆ గణరాజ్యము అంతరించినది. అయినను పందెము చావలేదు. 1841 నుండి పురపాలక సంఘమే ఖర్చు భరించి మహాకాలువపై పందెములు నడపించెను. 1881 లో ఆవిరి పడవలు మహాకాలువలో ప్రవేశింపగా, తమ కూడు పోవునని గొండోలావారు పని మానివేసిరి. ఆవిరి ఆగలేదు. 1899 లో ఈ ఉత్సవమునకు ‘చారిత్రక పందెము’ అను పేరు పెట్టిరి. ఒక వేడుకను చరిత్రయని పిలువవలసి వచ్చినదనిన, కాలము మారినదని జనులు గ్రహించిరన్నమాట.

నేటికిని సెప్టెంబరు మొదటి ఆదివారమున ఈ పందెములు జరుగును. మొదట, 1489 లో సైప్రసు రాణి కాతెరీనా కొర్నారో నగరమున ప్రవేశించిన వైభవమును తలపించు ఊరేగింపు. పిమ్మట ఉద్యానముల యెదుట అడ్డముగా కట్టిన త్రాడువద్దనుండి పడవలు వదలుదురు. అవి రైలు స్టేషను దాపున నాటిన గుంజను చుట్టి, కా ఫోస్కరి భవనమువద్ద గమ్యము చేరవలెను. గెలిచినవారికి ఎఱ్ఱజెండా. నాలుగవ స్థానమువారికి పూర్వము పందిపిల్లను బహూకరించెడివారు!

కాని నేటి వెనీసునకు కావలసినది వేడుక మాత్రమే కాదు. మోటారు పడవలు రేపు అలలు రాత్రింబవళ్లు ఇండ్ల పునాదులను కొట్టి, ఇటుకలను సున్నమును కడిగివేయుచున్నవి. దీనికి నిరసనగా 1975 మే 8వ తేదీన కొందరు తెడ్డు ప్రియులు ‘వోగలోంగా’ అను దీర్ఘయానము ప్రారంభించిరి. సుమారు 30 కిలోమీటర్లు, బురానో దీవివరకు పోయి మరలి వచ్చుట. అందు గెలుపు లేదు, ఓటమి లేదు. మోటారు కూడదన్నదొక్కటే నియమము. వృద్ధులు, స్త్రీలు, విదేశీయులు ఏటేట అందు పాల్గొనుచున్నారు. 2021 లో పెద్ద విహారనౌకలు సెయింటు మార్కు తీరము ముందుగా పోరాదని ప్రభుత్వము నిషేధించినది.

అలలకంటె పెద్ద ఆపద మరియొకటి కలదు. 1951 లో పాత నగరమున దాదాపు 1,75,000 మంది నివసించుచుండిరి. 2022 లో ఆ సంఖ్య 50,000 కంటె తగ్గినది. ఇండ్లు యాత్రికుల బసలగుచున్నవి. పందెము చూచువారికి కొదువ లేదు. తండ్రి వెనుక నిలిచి తెడ్డు నేర్చు పిల్లలే తగ్గుచున్నారు. మన కృష్ణా, గోదావరి కాలువలపై ధాన్యపు పడవలు సాగిన దినములు ఎరిగిన వృద్ధులు మన యిండ్లలో ఇంకను కలరు. ఆ పడవలెట్లు మాయమైనవో వారినడిగినచో, వెనీసు జనులు ప్రతి వసంతమున తెడ్లు భుజమున వేసికొని నీటికి ఏల దిగుచున్నారో మనకు చక్కగా బోధపడును.