మణికట్టు, అందులో ఓ నెలవంక

మణికట్టు అంటే మణులు కట్టుకునే చోటు. సంస్కృతంలో మణిబంధం; అమరకోశంలో ఉన్న మాటే. సుశ్రుతుడు దీన్ని నొప్పి పుట్టించే రుజాకర మర్మాల్లో చేర్చాడు. కీలు తప్పడాన్ని సంధిముక్తం అన్నాడు.

ఈ చోట ఉన్న ఎనిమిది చిన్న ఎముకల్లో ఒకటి లూనేట్. లాటిన్‌లో లూనా అంటే చంద్రుడు. పక్కనుంచి చూస్తే ఆ ఎముక నెలవంకే. బండి మీదనుంచో ఎత్తునుంచో పడుతూ అరచేయి ఆనించినప్పుడు, అరుదుగా, ఇది అరచేతివైపు దొర్లిపోతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఒలికిన టీకప్పులా కనిపిస్తుంది. ఆ ఎక్స్‌రేని జాగ్రత్తగా చూడకపోతే గాయం కంటపడదు. 1993లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఇలాంటి గాయాల్లో నాలుగో వంతు మొదట్లో పట్టుబడలేదు. బెణుకే అనుకుని వారాలు గడిపేసేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మీడియన్ నరం నలుగుతున్నట్టే, ఆలస్యం కూడదు.

ముందు చేయి లాగి సరిచేస్తారు, కానీ తరచుగా అది నిలవదు. ఆపరేషన్‌లో ఎముకల్ని వరుసలో పెట్టి, తెగిన లిగమెంట్లు కుట్టి, సన్నని కె-వైర్లు గుచ్చి కొన్ని వారాలు ఉంచుతారు. ఆ 'కె', 1909లో వాటిని పరిచయం చేసిన జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్నర్ పేరులోది.