స్టార్ ఆఫ్ ఇండియా బిరుదము

1857 నాటి విప్లవాగ్ని చల్లారి, కంపెనీ ప్రభుత్వము అంతరించి, విక్టోరియా రాణి భారతదేశ పరిపాలనమును స్వయముగా చేపట్టిన పిమ్మట, ఆ కల్లోలమునందు తమ పక్షము వీడని సంస్థానాధీశులకు ప్రత్యుపకారము చేయుటయు, ఇకముందును వారిని విధేయులుగా నిలుపుకొనుటయు ఆంగ్ల ప్రభువులకు అవసరమయ్యెను. 1861లో నెలకొల్పబడిన 'స్టార్ ఆఫ్ ఇండియా' నైట్ పదవి ఈ రాజనీతికి ఫలము.

ఆ చిహ్నము నిస్సంశయముగా రమణీయమైనది. తెల్లని అంచులుగల లేతనీలి పట్టుపట్టెడ, వజ్రములు పొదిగిన ఐదుకోణముల నక్షత్రము, తామరపూలును గులాబీలును తాటిమట్టలును కూర్చిన కంఠహారము. హిందువులు, మహమ్మదీయులు, సిక్కులు సంకోచము లేక ధరింపవలెనని శిలువను, క్రైస్తవ సాధువుల పేర్లను విడిచి, దివ్యజ్యోతియే మార్గదర్శి యను అర్థముగల సూక్తిని గ్రహించిరి. ఈ వివేకము మెచ్చదగినదే కాని, పతకమధ్యమున చెక్కబడినది మాత్రము రాణి ముఖబింబమే.

తొలి సంవత్సరముననే ఈ గౌరవమందినవారిలో గ్వాలియరు సింధియా, భోపాలు నేలిన సికందర్ బేగము, హైదరాబాదు నిజాము అఫ్జలుద్దౌలా కలరు. 1857 జూలైలో అదే హైదరాబాదున ఆంగ్లేయుల కోఠీ రెసిడెన్సీపై దాడి నడపిన తుర్రెబాజ్ ఖాను 1859లో తుపాకిగుండుకు బలికాగా, రెండేండ్లకు నిజాము వక్షమున నక్షత్రము వెలసెను. అంతకంటెను హృదయమును కలచునది దులీప్ సింగు వృత్తాంతము: 1849లో పదియేండ్ల బాలుడై యుండగా పంజాబు రాజ్యమును, కోహినూరును పోగొట్టుకొన్న యతనికి, ఆ కోహినూరు నందుకొన్న రాణియే 1861లో ఈ నక్షత్రమును ప్రసాదించెను. నియమము ప్రకారము బిరుదాంకితుడు గతించినచో వారసులు ఆ చిహ్నములను ప్రభుత్వమునకు మరల అప్పగింపవలెను. పుచ్చుకొన్నది శాశ్వతము, ఇచ్చినది జీవితాంతపు ఎరువు. ఇది సన్మానమని నేనంగీకరింపజాలను.

1866లో ఈ పదవిని నైట్ గ్రాండ్ కమాండర్ (జి.సి.ఎస్.ఐ.), నైట్ కమాండర్ (కె.సి.ఎస్.ఐ.), కంపానియన్ (సి.ఎస్.ఐ.) అని మూడు తరగతులుగా విస్తరించిరి. హైదరాబాదు దివాను సాలార్‌జంగు మొదటి తరగతి నందుకొనెను. విజయనగర ప్రభువు విజయరామ గజపతిరాజు కె.సి.ఎస్.ఐ. అయ్యెను. 1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణ ముద్యమించి, సర్కారు బిరుదములను త్యజింపుడని పిలుపునిచ్చినప్పుడు, ప్రజల దృష్టిలో ఇట్టి అక్షరముల విలువ తలక్రిందులయ్యెను.

1948 తరువాత ఈ పదవి ఎవరికిని ఈయబడలేదు. జీవించియున్న నైట్‌లలో కడపటివాడైన అల్వారు మహారాజు తేజ్‌సింగు 2009లో గతించెను. సైనిక, విద్యా విశిష్టతలు తప్ప మరే బిరుదమును రాజ్యము ఒసంగరాదనియు, విదేశ రాజ్యమునుండి ఏ బిరుదమును పౌరుడు స్వీకరింపరాదనియు మన రాజ్యాంగము 18వ అధికరణమున శాసించుచున్నది.