జీవాల అంటురోగాలు – కారుణ్య వధ: చిల్కూరు ప్రాంతం ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

కీలకపదాలు: జీవాలు, కారుణ్య వధ, పి.పి.ఆర్., దొమ్మ, పశువ్యాధుల చట్టాలు, చిల్కూరు

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పల్లెల్లో 'జీవాలు' అంటే గొర్రెలూ మేకలే. ప్రాణమున్న వాటన్నిటికీ చెల్లవలసిన మాటను గొల్లకురుమల వాడుక ఈ రెండింటికే మిగిల్చింది. ఆ జీవాలకు అంటురోగం సోకినప్పుడు, అది మరో మందకు పాకకుండా, బాధ పొడిగించకుండా ప్రాణం తీయడాన్ని పశువైద్యశాస్త్రం యూథనేసియా అంటుంది. తెలుగులో 'కారుణ్య మరణం' అనే సమాసం మనుషుల విషయంలో స్థిరపడింది. పశువుల విషయంలో చంపేవారు, చంపించేవారు వేరుగా ఉంటారు కనుక 'కారుణ్య వధ' అనడమే సమంజసం. తెలుగునాట జీవాల రోగాల చరిత్ర ప్రధానంగా టీకాల చరిత్రే తప్ప వధల చరిత్ర కాదు. అందుకు కారణాలేమిటి, చట్టం చేతికిచ్చిన అధికారం చిల్కూరు వంటి ఊరిలో అమలు కావలసి వస్తే ఏ చిక్కులు ఎదురవుతాయి అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

2. వలస పాలనలో రోగమూ వధా

1865లో బ్రిటన్‌లో ప్రబలిన రిండర్‌పెస్ట్‌ను అక్కడి ప్రభుత్వం 1866 నాటి చట్టంతో, రోగపశువులను నిర్బంధంగా వధించి అణచివేసింది. అదే ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీ కూడా పశువ్యాధుల చట్టం చేసింది. అది కోస్తా, రాయలసీమలకు వర్తించింది కాని నిజాం ఏలుబడిలోని చిల్కూరుకు కాదు. భారతదేశపు పశురోగాలపై హాలెన్ నాయకత్వాన విచారణ జరిపిన సంఘం 1871లో నివేదిక ఇచ్చింది. గోవధ ఊసెత్తడమే కష్టమైన దేశంలో రోగపశువులను వేరుచేయడమే ఆచరణసాధ్యమైన దారిగా నిలిచింది.

గుర్రాల విషయంలో ఈ సంకోచం కనిపించదు. 1899 నాటి గ్లాండర్స్, ఫార్సీ చట్టం రోగం సోకిన గుర్రాన్ని చంపించే అధికారం ఇచ్చింది. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుందన్నది ఒక కారణమైతే, గుర్రం సైన్యానికి ఆధారమన్నది మరొకటి. గొర్రెను చట్టం ముట్టుకోకపోవడాన్ని కరుణగా పొరబడకూడదు. అది పాలకుల లెక్కలోకి రాలేదు, అంతే.

మేక మాత్రం మరో దారిన లెక్కలోకి వచ్చింది. 1920లలో ముక్తేశ్వర్ ప్రయోగశాలలో జె.టి. ఎడ్వర్డ్స్ రిండర్‌పెస్ట్ వైరస్‌ను మేక నుంచి మేకకు ఎక్కిస్తూ దాని తీవ్రతను తగ్గించాడు. ఆ మేకల కణజాలం నుంచి తయారైన టీకాయే 1954లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమానికి తొలి ఆయుధమైంది. పశువుల రోగం కోసం ప్రాణాలిచ్చిన మేకల ప్రస్తావన రిండర్‌పెస్ట్ విజయగాథలో అరుదు.

3. పి.పి.ఆర్. రాక

పి.పి.ఆర్. వ్యాధిని 1942లో పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో తొలిసారి వర్ణించారు. మన కాపరులు పారుడు రోగమనేది దీనినే. భారతదేశంలో ఇది 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామపు గొర్రెలలో నిర్ధారణ అయింది. అంతకుముందు జీవాలలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే రిండర్‌పెస్ట్‌గా భావించడం పరిపాటి. 2010లో ఆరంభమైన జాతీయ నియంత్రణ పథకం తొలి దశలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేరింది. ఆ పథకానికి ఆధారం టీకాయే.

అందుకు హేతువు స్పష్టం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1.91 కోట్లు, దేశంలోకెల్లా అధికం. మందలు మేతకోసం జిల్లాలు దాటి తిరుగుతాయి. రోగం బయటపడేసరికి మంద ఎన్ని చెరువుల దగ్గర నీళ్లు తాగిందో కాపరికి తప్ప ఎవరికీ తెలియదు. అలాంటి చోట వధతో రోగాన్ని చుట్టుముట్టడం అసాధ్యం. 2001లో గాలికుంటును అణచడానికి బ్రిటన్ అరవై లక్షలకు పైగా జీవాలను, పశువులను చంపించింది. అక్కడ కంచెలున్నాయి, పరిహారానికి ఖజానా ఉంది.

4. చట్టం, పద్ధతి, కత్తి

1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 13వ సెక్షన్, బతికించి ఉంచడమే క్రూరత్వమైన పశువును చంపించడానికి అవకాశమిచ్చింది. 2009 నాటి అంటువ్యాధుల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. వ్యాప్తిని ఆపడానికి అవసరమని భావిస్తే, ఇతర చట్టాలు ఏమన్నా సరే, పశువైద్యుడు లిఖితపూర్వకంగా వధకు ఆదేశించవచ్చు. దాని షెడ్యూలులో పి.పి.ఆర్., బొబ్బరోగం, నీలినాలుక, దొమ్మ ఉన్నాయి.

ఎలా చంపాలన్నది ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమావళి చెబుతుంది. కొమ్ములు లేని గొర్రెకు నడినెత్తిన, కొమ్ములున్న మేకకు కొమ్ముల వెనుక నుంచి దవడ మూలకు గురిపెట్టి బోల్టు తుపాకీ పేల్చాలి. లేదా బార్బిట్యురేటు మందును రక్తనాళంలోకి ఎక్కించాలి. ఊపిరి ఆగిందని, కంటిపాపను తాకినా రెప్ప కదలడం లేదని, గుండె చప్పుడు లేదని చూసుకున్నాకే చనిపోయినట్లు లెక్క. ఆ మందు ఎక్కిన కళేబరాన్ని బయట పారేస్తే, తిన్న రాబందులూ కుక్కలూ చస్తాయి.

పల్లెలో ఈ పనికి ఉన్నది కత్తి. జీవం దక్కదనిపించగానే ప్రాణం పోకముందే కోసి, మాంసం అమ్మి కొంతైనా రాబట్టుకోవడం పాత అలవాటు. దీనిని మోటుదనమని కొట్టిపారేయడం తగదు, పరిహారం లేని చోట కాపరికి మిగిలిన బీమా అదే. కాని దొమ్మరోగంలో ఈ అలవాటే ముప్పు. నెత్తురు నేలపై పడితే ఆ క్రిములు గాలి తగిలి సిద్ధబీజాలుగా మారి మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. విశాఖ మన్యంలో చచ్చిన పశువుల మాంసం వల్ల మనుషులకూ దొమ్మ సోకిన ఉదంతాలున్నాయి. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా చాపలబండలోనూ గొర్రెలలో దొమ్మ బయటపడింది. నెత్తురు చిందకుండా చంపాలన్న నియమం ఇక్కడ జీవంపై జాలితోపాటు ఊరి రక్షణ కోసమూ ఏర్పడింది.

5. చిల్కూరులో

మొయినాబాదు మండలంలోని ఈ ఊరు బాలాజీ ఆలయంతో ప్రసిద్ధం. దాని పరిసరాలు 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్‌ల పరీవాహకంలోకి వస్తాయి. ఆ జలాశయాల రక్షణకే 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. కళేబరాలను లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలన్నది అంటురోగాల నియమం, నగరపు తాగునీటికి ఆధారమైన నేలలో ఏ కలుషితమూ దిగకూడదన్నది జీవో ఆశయం. ఒక మంద మొత్తాన్ని పూడ్చవలసి వస్తే ఈ రెండూ ఢీకొంటాయి. 1994లో జాతీయ ఉద్యానమైన మృగవని కూడా చిల్కూరులోనే ఉంది, అందులో చుక్కల జింకలూ కణుజులూ ఉన్నాయి. పి.పి.ఆర్. కంచె దాటితే ఏమవుతుందో 2016–17లో మంగోలియాలో వేలాది సైగా జింకల మరణం చూపింది.

ఈ జిల్లాకు సామూహిక వధ అపరిచితం కాదు. 2015 ఏప్రిల్‌లో ఉమ్మడి రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలం తొర్రూరులో బర్డ్‌ఫ్లూ బయటపడగా వేల సంఖ్యలో కోళ్లను చంపి పూడ్చారు. కోళ్లు షెడ్డులో ఉంటాయి, వాటికి పేర్లుండవు. కాపరికి మందలోని ఒక్కో గొర్రె ఏ తల్లిదో తెలుసు.

ఆ కాపరి ఒప్పుకోలు చాలావరకు పరిహారంపై ఆధారపడి ఉంటుంది. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున, బీమాతో సహా ఇచ్చారు. కావాలని చంపిన జీవానికి బీమా సొమ్ము రాదన్నది పశుబీమా ఒప్పందాల సాధారణ షరతు. నయంకాని బాధను ముగించడానికని పశువైద్యుడు ధ్రువీకరిస్తే, లేదా అధికారుల ఆదేశంతో చంపితే మాత్రం మినహాయింపు ఉంటుంది. ఆ మినహాయింపు చెవికి బీమా బిళ్ల ఉన్న జీవానికే. దారిలో, వలసమేతలో పుట్టిన పిల్లకు చెవిబిళ్ల ఉండదు.