కదిలినవాళ్లు పడని ఫోటో

1838లో పారిస్‌లో లూయీ డగ్యుర్ కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. బళ్లు, గుర్రాలు, జనంతో కిటకిటలాడే వీధి. ఫోటోలో మాత్రం దాదాపు నిర్మానుష్యంగా ఉంటుంది. అప్పట్లో ఒక్క బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుగు తగలాలి. నడిచేవాళ్లు ఆ పలక మీద నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. ఫోటోలో మనిషి కనిపించడం ఇంచుమించు అదే మొదలంటారు.

తర్వాత మన హైదరాబాద్ సంస్థానంలో ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేసి, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు అయ్యాడు. (మా వృత్తివాడే కనుక చెప్పకుండా ఉండలేకపోయాను.) ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో విడిగా స్టూడియో పెట్టి, ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఫోటో దిగడమంటే అప్పుడు ఇంటిల్లిపాదికీ పండగే.

1984లో మా పదో తరగతి గ్రూపు ఫోటో నాటికి కూడా సంగతి పెద్దగా మారలేదు. ఇస్త్రీ చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు. ఎవరు ఎవరి పక్కన నిలబడాలన్నదానికి ముందు రోజే తగాదాలు. మాస్టార్లకు ముందు వరసలో కుర్చీలు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తలదూర్చి "కదలొద్దు" అనగానే యాభైమందిమి ఊపిరి బిగబట్టాం. ఆ ఒక్క క్షణం తప్ప మిగతా ఏడాదంతా కెమెరా లేకుండానే గడిచింది. కలిగినవాళ్లింట్లో అగ్ఫా క్లిక్ ఉన్నా, దాని రీలుకు పన్నెండే ఫోటోలు. ఏది తీయాలో ముందు కళ్లతో చూసి తేల్చుకోవాల్సిందే.

అందుకే ఫోటో తీయడం, క్షణాన్ని అనుభవించడం అనే తగువు మా రోజుల్లో లేదు. ఫోటోకు ఖర్చు లేకుండా పోయాకే అది మొదలైందని నా అభిప్రాయం. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఫోటో తీయమని, కొన్నిటిని ఊరికే చూడమని చెప్పారు. మర్నాడు అడిగితే, ఫోటో తీసినవాటికంటే ఊరికే చూసినవే వాళ్లకు బాగా గుర్తున్నాయి. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఇంకో సంగతీ ఉంది: వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం తగ్గలేదు. అంటే లోపం కెమెరాది కాదు, చూపుదే.

జూబిలీ రోజున ఫోన్లు జేబులోనే ఉంచాలని నేననను. మన మాస్టార్లు కొందరు ఎనభై దాటారు. వాళ్ల పక్కన కూర్చుని ఒక ఫోటో దిగండి. తర్వాత ఫోను లోపల పెట్టి, వాళ్లు చెప్పేది వినండి. ఎవరి పేరు గుర్తుందో, ఎవరిని ఏ లెక్కకు బెంచీ ఎక్కించారో వాళ్ల నోటనే వినాలి.

మా గ్రూపు ఫోటో అట్ట కింద "ఎడమ నుంచి కుడికి" అంటూ అందరి పేర్లూ అచ్చువేశారు. గంట కొట్టే మా అటెండరు పేరు అందులో లేదు. ఆయన ఆ వేళ మాకు ఎదురుగా, ఫోటోగ్రాఫరు నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మా బ్యాచిలో ఎవరినైనా అడగండి. ఇంటి గంటకు ముందు ఆయన మావైపు చూసి ఎలా నవ్వేవాడో చెబుతారు.