గురి జనానిది, తుపాకీ పైవాడిది

యాభై దాటిన మనిషి రైఫిల్ గురి నేర్చుకుంటానంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ముందు ఇంట్లోవాళ్లే అడ్డుపడతారు. నక్సలైట్ల కాలం, పోలీసు క్యాంపులు చూసిన భయమన్నది అందరూ చెప్పే కారణం. ఆ జంకు అంతకన్నా పాతదని నా వాదన. జగిత్యాల కోటనే చూడండి. 18వ శతాబ్ది నడుమ నవాబు ఇబ్రహీం ఖాన్ కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని చెప్పే ఆ నక్షత్రాకారపు కోటకు చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. తర్వాతి కాలంలో తుపాకీ దొర గడీలో ఉండేది, దాని ఎదుట వెట్టివాడు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

అంతమాత్రాన జనానికి గురి తెలియదనుకోవద్దు. జొన్నచేను పాలుపోసుకునే రోజుల్లో మంచె మీది కాపలావాడి ఆయుధం వడిసెల. పేనిన తాడు, నడుమ రాయి పట్టేంత అల్లిక. ఒక కొస వేలికి తగిలించి, రెండోది పిడికిట బిగించి, తల చుట్టూ గిర్రున తిప్పి సరైన క్షణాన వదిలితే రాయి వెళ్లి పిట్టల గుంపులో పడేది. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో నిజాం పక్షపు రజాకార్ల మీదికి పల్లెలు ఈ వడిసెలనే, కారప్పొడినే ఎత్తాయి. ఆ పోరాట నాయకుడు బద్దం ఎల్లారెడ్డి పుట్టిన గాలిపెల్లి సిరిసిల్ల వైపుదే. మరో నాయకుడు అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న మహ్మదాపురం దగ్గర సహచరులతో పాటు నేలకొరిగారు. మరి దళాలు తుపాకీ నేర్పలేదా అంటే, నేర్పాయి. కానీ తూటా దొరకడమే గగనమైన చోట సాధనకని తూటాలు ఎవరు ఖర్చు చేస్తారు?

1978ని చూపి నన్ను ఇంకా గట్టిగా కాదనవచ్చు. ఆ ఏడు సెప్టెంబరులో దొరల పెత్తనానికి ఎదురుగా సాగిన జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది రైతులు, కూలీలు కదిలారు. అప్పటికి వాళ్ల చేతిలోని పెద్ద ఆయుధం సాంఘిక బహిష్కరణ: దొర బట్టలు ఉతకరు, గడ్డం గీయరు, పాలేరు పనికి రాడు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఐదుగురు గుమికూడరాదని, ఆయుధం పట్టరాదని ఇచ్చిన ఉత్తర్వును మీరితే ప్రాణం పోయేలా కాల్చే అధికారం కల్లోలిత ప్రాంతాల చట్టం ఎస్సైకి కూడా ఇచ్చింది. తర్వాత నక్సలైట్ దళాల తుపాకులూ పెరిగాయి, నిజమే. అయితే రాత్రి తలుపు తట్టింది ఎవరి తుపాకీ అయినా, ఊరివాడు నిలబడింది దాని గొట్టం ఎదుటే.

ఇప్పుడు చట్టమే కొంత దారి ఇచ్చింది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ దూరాన పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. వయసు మీదపడ్డ కన్ను దాన్నేం చూస్తుందన్న అనుమానం సహజం. చుక్కను విడిగా చూడాల్సిన పనే లేదు. వెనుక సైటులోని సన్నని రంధ్రం గుండా చూస్తే చత్వారపు కంటికీ ముందు సైటు తేటపడుతుంది, నల్లని వలయం దాని నడుమకు వస్తే చాలు. డబ్బున్నవాళ్ల ఆట అన్న మాటనే తీసిపారేయలేం. పోటీ రైఫిల్ ధర బీడీలు చుట్టే ఇంటికీ, మరమగ్గం నడిపే ఇంటికీ అందేది కాదు. కాకపోతే 10 మీటర్ల వరుసకు ఓ ఫంక్షన్ హాలు సరిపోతుంది, నలుగురు వంతులవారీగా పట్టడానికి ఒక్క రైఫిల్ సరిపోతుంది.