ఒప్పుకోలు, మెదడు, న్యాయం: కృష్ణా జిల్లా నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో తన పాఠశాలను ప్రారంభించాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో, మెక్‌నాటన్ కేసు దరిమిలా, మతిస్థిమితం లేనివాని నేరబాధ్యతను గురించి న్యాయమూర్తులు ప్రభువుల సభకు కొన్ని సూత్రాలు తెలియజేశారు. ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. అయితే ఆ సూత్రాల సారమే 1860 నాటి భారత శిక్షాస్మృతి 84వ సెక్షనులో చేరి మన ప్రాంతానికీ చట్టమైంది. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను. తాను చేసే పని ఎటువంటిదో, అది తప్పో ఒప్పో గ్రహించలేని స్థితిలో ఉన్నవానిని చట్టం దోషిగా ఎంచదు.

ఇక్కడ వైద్యశాస్త్రం నిందితుని గ్రహణశక్తిని తెలుసుకోవడానికి తోడ్పడుతున్నది. గత పాతికేళ్లలో మరొక ప్రశ్న తలెత్తింది: నిందితుడు చెప్పనిదానిని అతని మెదడులోనుండి రాబట్టవచ్చునా? ఈ రెండు ఉపయోగాలకు మధ్యనున్న భేదాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

పరీక్షలు, తీర్పు

నార్కో పరీక్షలో సోడియం పెంటథాల్ అనే మత్తుమందు ఇచ్చి ప్రశ్నిస్తారు. పాలీగ్రాఫ్ రక్తపోటును, నాడిని, శ్వాసను నమోదుచేస్తుంది. బ్రెయిన్ మ్యాపింగులో తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి, నేరానికి సంబంధించిన మాటలు విన్నప్పుడు కలిగే విద్యుత్ తరంగాలను చూస్తారు. స్వయంగా అనుభవించినదానిని, కేవలం విని తెలుసుకున్నదానిని వేరుచేయగలమని ఈ పద్ధతులలో ఒకదాని సమర్థకులు వాదించారు.

దివిసీమ కాపరులకు ఈ వాదంలోని చిక్కు సులభంగా అర్థమవుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత పుట్టినవారు కూడా తల్లిదండ్రులనోట విన్న సంగతులను కళ్లారా చూసినట్టే చెప్పగలరు. మనిషి జ్ఞాపకం టేపురికార్డరు కాదు.

2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఈ మూడు పరీక్షలనూ బలవంతంగా జరపరాదని తీర్పిచ్చింది. అవి రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధమన్నది. సమ్మతితో చేసినా ఆ ఫలితాలు వాటంతటవే సాక్ష్యం కావు. సమ్మతిని న్యాయవాది సహాయంతో, మేజిస్ట్రేటు ఎదుట నమోదుచేయాలి. బలవంతపు నార్కో చెల్లదని 2025లో బీహారుకు చెందిన అమలేష్ కుమార్ కేసులో అదే న్యాయస్థానం మరల స్పష్టం చేసింది.

మన జిల్లా నేర్పిన పాఠం

2007 డిసెంబరు 27న, అప్పటి కృష్ణా జిల్లాలోని ఇబ్రహీంపట్నంలో ఒక ఫార్మసీ విద్యార్థిని హాస్టలులో హత్యకు గురైంది. 2008 ఆగస్టులో ఒక పేద యువకుని అరెస్టు చేసి, అతడు నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. విచారణ కాలంలో గిలియన్ బారే సిండ్రోమ్ అనే నరాల వ్యాధితో అతడు నడవలేని స్థితికి వచ్చాడు. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం చెల్లించమన్నది. 2018లో పునర్విచారణ సి.బి.ఐ.కి అప్పగించబడింది. అటు ఆ యువకుడు ఎనిమిదేళ్లకు పైగా చెరలో గడిపాడు, ఇటు ఆ తల్లిదండ్రుల కన్నీటికి జవాబు దొరకలేదు. ఒప్పుకోలు అని ప్రకటించినంత మాత్రాన సత్యం స్థిరపడదని ఈ కేసు సాక్ష్యమిస్తున్నది.

కాపరులకు సూచన

హృదయాన్ని పరిశోధించే అధికారం దేవునిదేనని యిర్మీయా 17:10 బోధిస్తున్నది. శాస్త్రం అక్కరలేదని దీని భావం కాదు. నిందితుని రోగాన్ని, బుద్ధిబలాన్ని న్యాయస్థానం ఎదుట ఉంచే వైద్యుడు న్యాయానికి మిత్రుడే. మనస్సాక్షి తలుపు పగలగొట్టడానికి ఆ శాస్త్రాన్నే వాడితే అది న్యాయం కాదు.

కనుక మచిలీపట్నంలోనో గుడివాడలోనో నిందితుని కుటుంబం “ఆ పరీక్ష చేయించుకోమందామా, అయ్యగారూ?” అని అడిగితే, ముందుగా న్యాయవాదిని కలవమనాలి. నిర్దోషివైతే భయమెందుకని ఒత్తిడి చేయకూడదు. చివరిగా, సంఘ క్రమశిక్షణ పేరిట పెద్దలందరి మధ్య ఒక యువకుని నిలబెట్టి, ఒప్పుకునేదాకా వదలని అలవాటు మనలో ఉంటే, దానిని కూడా ఈ వెలుగులోనే పరీక్షించుకోవాలి. భయంతో పలికిన మాట పశ్చాత్తాపం కాదు. న్యాయస్థానం తిరస్కరించిన బలవంతాన్ని సంఘం ఆశ్రయించరాదని మా మనవి.