ఇరవైనాలుగు పాటల వెల

కాపీరైటును భంగపరచినవాడు ఎంత చెల్లించాలి? 1710లో అమలులోకి వచ్చిన ఇంగ్లండు శాసనం దీనికి సూటిగా జవాబు చెప్పింది: అతని దగ్గర దొరికిన ప్రతి అచ్చుకాగితానికి ఒక పెన్నీ. సగం రాణిగారి ఖజానాకు, సగం దావా వేసినవారికి. 1790లో అమెరికా ఇదే పద్ధతిని అనుసరించి కాగితానికి అర డాలరు అన్నది. మొరటు లెక్కే, కాని అందులో ఒక న్యాయం వున్నది. గోదాము నిండా దొంగప్రతులు వేసిన వ్యాపారి ఎక్కువ కట్టుకుంటాడు, పది ప్రతులు వేసినవాడు తక్కువ కట్టుకుంటాడు.

క్రమంగా కాగితం లెక్క పోయి రచన లెక్క వచ్చింది. నష్టం రుజువు చేయడం కష్టం గనుక చట్టమే ఒక మొత్తం కట్టాలన్నారు. 1999 సవరణ తరువాత అమెరికాలో ఒక్కొక్క రచనకు 750 నుంచి 30,000 డాలర్ల వరకు, తెలిసి చేసినదైతే 1,50,000 వరకు విధించవచ్చు. లాభానికి అమ్ముకున్నవాడికీ, పైసా రాబడి లేకుండా ఇంటర్నెట్టులో పంచుకున్నవాడికీ పట్టిక ఒక్కటే.

ఆ పట్టిక ఎక్కడికి దారితీసిందో కాపిటల్ రికార్డ్స్, మరికొన్ని రికార్డు కంపెనీలు మిన్నెసోటాలో ఒక స్త్రీపై నడిపిన దావా చూపుతుంది. కజా అనే ఏర్పాటు ద్వారా 24 పాటలను పంచుకున్నదని అభియోగం. 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు అన్నది. జ్యూరీకి తానిచ్చిన సూచన తప్పని 2008లో జడ్జి మైకేల్ డేవిస్ ఆ తీర్పును రద్దుచేశాడు. 24 పాటలంటే సుమారు మూడు సీడీలు, 54 డాలర్లయినా కావు, పరిహారం దానికి నాలుగువేల రెట్లు మించిందని కూడా ఎత్తిచూపాడు. 2009లో రెండవ జ్యూరీ ఏకంగా 19,20,000 అన్నది. ఆయన దానిని 54,000కు, అనగా చట్టం చెప్పిన కనిష్ఠానికి మూడు రెట్లకు తగ్గించాడు. కంపెనీలు ఒప్పుకోలేదు. 2010లో మూడవ జ్యూరీ 15,00,000 అన్నది. పాటలు అవే, మనిషి ఆమే! 2011లో జడ్జి మళ్ళీ తగ్గించాడు. 2012లో అప్పీలు కోర్టు మొదటి 2,22,000ను పునరుద్ధరించింది.

చరిత్ర విద్యార్థులు ఆగి చూడవలసినది ఇక్కడే. అప్పీలు కోర్టు ఆధారపడిన పాత తీర్పు 1919 నాటిది. ఆర్కన్సా రాష్ట్రం రైలు చార్జీలకు హద్దు పెట్టింది. ఒక రైలు కంపెనీ ఇద్దరు ప్రయాణికుల దగ్గర తలకు 66 సెంట్లు అదనంగా గుంజింది. తలకు 75 డాలర్లు కట్టవలసివచ్చింది. ఇలాంటి తప్పుకు కంపెనీకి లెక్కలేనన్ని అవకాశాలున్నవి గనుక జుల్మానాను ఒక్క ప్రయాణికుడి నష్టంతో తూచనక్కరలేదని సుప్రీంకోర్టు అన్నది. కంపెనీ దోపిడీ నుంచి ప్రయాణికుణ్ణి కాపాడిన సూత్రమది. నూటపదమూడు రెట్లు కట్టినా రైలు కంపెనీ మునగదు. ఆ సూత్రాన్నే తొమ్మిది దశాబ్దాల తరువాత కంపెనీల చేతికిచ్చి ఒక సామాన్య స్త్రీమీద ప్రయోగించారు.

పాట కట్టినవాడికీ, పాడినవాడికీ కూలి దక్కాలనడంలో మనకు పేచీ లేదు. (ఈ దావాలో వాదులు గాయకులు కారు, కంపెనీలు.) ఐతే ఎవరికి ఎంత లాభం వచ్చింది, హక్కుదారుకు నిజంగా ఎంత పోయింది, చెల్లించేవారి స్తోమత ఎంత అని అడగకుండా కట్టిన మొత్తాన్ని నష్టపరిహారమని ఎలా అంటాము? మన 1957 చట్టంలో రచనకు ఇంత అనే పట్టిక లేదు. నష్టాన్నో, ఎదుటివాడి లాభాన్నో కోర్టు లెక్కకట్టాలి. అమెరికా దారి పట్టమని సలహా యిచ్చేవారు ఈ కేసు చదవాలి. 2013 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది. పాటకు 9,250 డాలర్లు ఖాయమైనవి.